బెల్టులు బిగించే ఆవిడ

పాపకి విరేచనం కాక ఆ రోజుకి ఐదు రోజులు.

పొట్ట గట్టిపడింది. ముద్ద నోటి దగ్గర పెడితే తల తిప్పేసుకుంటోంది. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. ఆరేళ్లొచ్చినా నడక లేదు, మాట లేదు. బాధేస్తే ఏడవడమొక్కటే తెలుసు.

థెరపీ గదిలో తల్లి పాపని నిలబెట్టే చట్రంలోకి ఎక్కించింది. మోకాళ్లకి, నడుముకి, ఛాతీకి బెల్టులు. ఐదు నిమిషాలకే పాప గుక్కపట్టింది.

"నేను చూస్తానమ్మా, మీరు బయట కూర్చోండి" అంది అక్కడ బెల్టులు బిగించే ఆవిడ.

గాజు తలుపు అవతల పాప నలభై నిమిషాలు నిలబడింది. పైగా కిలకిలా నవ్వులు!

ఇల్లు చేరేలోపే విరేచనమైంది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది కూడా.

"కన్నది నేను, చాకిరీ నాది. నవ్వులు మాత్రం ఆవిడకా?" అనుకుంది.

వారం తిరిగేసరికి పాప గదిలోకి రాగానే ఆవిడ కోసం కళ్లతో వెతుక్కోవడం మొదలెట్టింది.

"మా పిల్లకి ఏం మందు పెట్టారండీ?" తల్లి నవ్వుతూనే అడిగింది.

"కబుర్లేనమ్మా. నిన్న అయిందా?"

"అయింది."

ఆవిడ సొంత బిడ్డకే అయినంత సంబరపడిపోయింది. తల్లికి అదీ గిట్టలేదు. తిన్నగా థెరపిస్టు దగ్గరికెళ్లింది.

"రేపట్నుంచి ఆవిడ వద్దు సార్. నా పిల్ల నాకు కాకుండా పోతోంది."

మర్నాటి నుంచి ఆవిడ రాలేదు. పాప నిలబడనూ లేదు. నాలుగో రోజుకి పొట్ట మళ్లీ గట్టిపడింది. తల్లి పంతం నీరుగారిపోయింది.

"మీ ఆయాని మళ్లీ రమ్మనండి సార్."

"ఆవిడ ఆయా కాదమ్మా. జీతం లేకుండా వచ్చేది. ఇప్పుడు ఇంకోచోట పిల్లల్ని నిలబెట్టడానికి ఒప్పుకుందట, ఇక కుదరదంది."

"మరి ఊరికే ఎందుకొచ్చేది?"

థెరపిస్టు ఖాళీ చట్రం బెల్టులు సర్దుతూ చెప్పాడు.

"ఆవిడ కొడుకూ మీ పాపలాంటివాడే. ఇలా నిలబెడితే కొందరు పిల్లలకి కడుపు సులువవుతుందని ఆవిడకి చెప్పేవాళ్లే దొరకలేదు. తెలిసి, పద్దెనిమిదేళ్ల వాణ్ని ఇక్కడికి మోసుకొచ్చేసరికి, నిలబెట్టడానికి వీల్లేనంతగా కాళ్లు బిగుసుకుపోయాయమ్మా."