తొలి పేజీలో సంతకం

"నిస్సార్ భాయ్, ఉత్త సంతకం కుదరదు. తెలుగులో ఓ మాట రాసివ్వాల్సిందే!" విజయభాస్కర్ పుస్తకం చాపాడు.

హారిస్ పార్క్ రెస్టారెంట్‌లో పుస్తకావిష్కరణ అప్పుడే ముగిసింది. విక్టోరియా రాణి కాలంలో కూలీలకు స్వయంకృషి బోధించిన ఓ ఇంగ్లిష్ సంస్కర్త జీవితకథ అది, తెలుగులో. అట్ట మీద నిస్సార్ అహ్మద్ పేరొక్కటే ఉంది.

నిస్సార్ పెన్ను ఆగింది. అతనిది హైదరాబాద్‌లో ఉర్దూ మీడియం చదువు. తెలుగు మాట్లాడతాడు గానీ, అక్షరం రాదు. రెండేళ్లపాటు అతను చెబుతుంటే పుస్తకమంతా రాసింది నెల్లూరు నుంచి వచ్చిన భార్య కౌసర్.

"సంతకాలు పెట్టి పెట్టి చెయ్యి గుంజుతుంది అన్నా. మా మేడమ్ రాస్తది." పుస్తకం పక్కనే కూర్చున్న కౌసర్ ముందుకు తోశాడు. "ఎవరి కష్టం వాళ్ల పేరునే ఉండాలె. ఆ మాట రాయి."

"లోపలన్నా నా పేరు వెయ్యమంటిని గదండీ," అంది కౌసర్ మెల్లగా.

అతను గొంతు తగ్గించాడు. "మళ్లా అదే లొల్లి! చెప్పింది నేను. నువ్వు రాసినవ్, అంతే గద?"

కౌసర్ రాసింది. నిస్సార్ నవ్వుతూ దాని కింద ఇంగ్లిష్‌లో సంతకం గిలికి, పుస్తకం అందించాడు. "ఇదే మన లైఫ్ మోటో అన్నా!"

విజయభాస్కర్ చదివి, తలెత్తి కౌసర్‌ని చూశాడు.

'ఈ పుస్తకం రాసింది నేను. కౌసర్.'

కింద, సాక్షి పెట్టినట్టుగా, నిస్సార్ సంతకం.