ముఖం సరిపోలలేదు

దానమ్మ దానమ్మ కాదని మిషన్ తేల్చేసింది.

మొదట వేలిముద్ర. వేళ్ళ చర్మం పగిలి గరుకుతేలి ఉంది. సుధీర్ పది వేళ్ళూ పెట్టించి చూశాడు. పదింటినీ కాదంది. తర్వాత కనుపాప. రెప్పలు ఊదారంగు తిరిగి వాచిపోయాయి. మిషన్‌కి కన్నే కనబడలేదు. ఇక మిగిలింది ముఖం. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లకి అది గుమ్మడికాయలా ఉబ్బింది. ఆధార్ ఫొటోలోనేమో రాజోలు స్కూలు టీచరమ్మ సన్నటి మొహంతో చురుగ్గా చూస్తోంది.

అమలాపురంలోని ఆ ఆసుపత్రిలో ఆరోగ్య పథకం కౌంటరు సుధీర్‌ది. రోగి ఎవరో రుజువైతేనే ఖరీదైన మందుకి అనుమతి. ఐదింటికి పోర్టల్ మూసేస్తారు. గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తోంది.

డాక్టర్ మాధవీలత ఐసీయూ వదిలి కౌంటరు దగ్గరికి వచ్చింది.

“ఇది కండరాల జబ్బండీ. ఆవిడ ఒళ్ళే ఆవిడ కండరాల మీద తిరగబడింది. ఊపిరి తీసే కండరాలదాకా వచ్చేసింది. ఇలా వెంటిలేటర్ ఎక్కినవాళ్ళలో చాలామంది దిగరు. ఇంజెక్షన్ ఈ పూటే పడాలి.”

“ఆయ్. మరి ముఖం కలవాలి కదండీ.”

“ముఖం అలా అయ్యింది మందులకేనండీ!”

“ఆ సంగతి మిషన్‌కి తెలీదండీ.”

దానమ్మ భర్త యాకోబు కౌంటరు మీదకి వంగాడు.

“ముప్పై ఆరేళ్ళు కాపురం చేసేను. ఆవిడ దానమ్మ కాకపోతే నేనెవరితో చేసినట్టు బాబూ?”

“అది మీ సొంత విషయమండీ,” అన్నాడు సుధీర్ తలెత్తకుండా.

చివరి ప్రయత్నంగా ట్యాబ్ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాడు. దానమ్మకి చెయ్యి లేవదు, మెడ నిలవదు. తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది. వాచిన రెప్పల సందులోంచి చూస్తోంది.

“ఇటు చూడండమ్మా. కెమెరా వైపు. నా వైపు కాదు.”

ఆవిడ అతని వైపే చూసింది. మూడుసార్లు చెప్పినా అతని వైపే. మూడుసార్లూ ఎర్ర గుర్తే వచ్చింది.

“ఒక దారుందిగా,” అంది డాక్టరు. “ఈవిడని ఎరుగుదునని మన ఉద్యోగి ఎవరైనా సంతకం పెడితే చాలు.”

యాకోబు ఏదో చెప్పబోయాడు. సుధీర్ మొహం చూసి ఆగిపోయాడు.

“కిందటి నెల బుల్లబ్బాయి అలాగే పెట్టేడండీ,” అన్నాడు సుధీర్. “మనిషి కరెక్టే. అయినా విచారణ వేసేరు. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాడు.”

బుల్లబ్బాయి ఆ కౌంటర్లో సుధీర్‌కి ముందు పనిచేసినవాడు. అప్పట్నుంచి సుధీర్ ఎవర్నీ ఎరగడు. అందులో ఒక హాయి ఉందని కూడా ఈమధ్యే కనిపెట్టాడు. ఎరిగిన మనిషైతే గుండె దడదడలాడుతుంది. ఎరగని మనిషికి ఒక నంబరు చాలు.

“అయితే ఈవిడ ఎవరంటారు?” డాక్టరు గొంతు పెరిగింది.

“నిర్ధారణ కావాలండీ.”

నాలుగూ యాభై ఎనిమిదికి తిరస్కరణకి కారణం రాయాల్సిన గడి తెరుచుకుంది. ‘రోగి ఎవరో తెలియరాలేదు’ అని రాశాడు. అక్షరదోషాలు లేవని ఒకసారి సరిచూసుకున్నాడు. మీట నొక్కగానే పోర్టల్ అతని నిబద్ధతకి ధన్యవాదాలు చెప్పి మూసుకుంది.

ఐదున్నరకి బంధువుల్ని లోపలికి వదిలినప్పుడు, సుధీర్ మెళ్ళో ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకుని, యాకోబు వెనకే వెళ్ళి, దానమ్మ మంచం మీదకి వంగి, “అమ్మా, నేనే, నీ కొడుకుని... గుర్తుపట్టేవా?” అన్నాడు.