నల్లరంగు కింద

అన్నయ్య పోయి ఆవేళకి నలభై రోజులు. చర్చి ఆవరణలో కల్లిరోయి వదిన గోధుమ గుగ్గిళ్ళు పంచుతోంది. ఇన్నాళ్ళలో ఆవిడ కంట తడి చూసినవాళ్ళు లేరు. ఆవిడ దుఃఖం మీద నాకు మొదటినుంచీ అనుమానమే.

కంటికి కనిపించని పరారుణ కాంతిని పట్టేలా మార్పించిన నా కెమెరాకి కొత్తగా చేపకన్ను లెన్సు తగిలించి, సైప్రస్ చెట్టు మీద గురిపెట్టాను. పచ్చటి ఆకు అందులో మంచులా తెల్లగా పడుతుంది; బట్టలకద్దే కొన్ని నల్లరంగులైతే అసలు కనబడక, కిందున్నది బయటపడుతుంది. ఆ లెన్సు చుట్టూ ఉన్న దేన్నీ వదలదు. ఓ పక్కన వదిన కూడా పడింది.

తెర చూస్తే ఒళ్ళు మండింది. ఆవిడ ఒంటిమీద పువ్వుల గౌను.

తలెత్తి చూశాను. నల్లగౌనే.

"సంతాపం పైపూతేనా వదినా?" అంటూ కెమెరా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చాలాసేపు చూసింది. ఒక్కో పువ్వునీ వేలితో తడిమింది.

"టీనోస్ దీవిలో మేరీమాత తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు మీ అన్న కొనిచ్చాడు. ఊరేమో నలుపు కట్టమంది. దీన్ని విప్పి పెట్టెలో పెట్టడానికి మనసొప్పలేదు. గంగాళంలో నల్లరంగు కాచి ముంచేశాను. పువ్వులు పోయాయనే అనుకున్నా."

ఆవిడ వేలు ఫొటో అంచుకి జరిగింది.

"మరి ఈ తెల్లచొక్కా చెయ్యి ఎవరిదబ్బాయ్?"

నాదే. నిన్న బజార్లో కొన్న నల్లచొక్కా. ఆ నలుపు కింద ఏమీ లేదు.