ఉమ్మడి తువ్వాలు

"ఒకరి గోడు ఇంకొకరికి కనిపిస్తోందయ్యా మీరు తయారుచేసిచ్చిన వెబ్‌సైటులో!" స్పీకర్ ఫోన్లోంచి అరిచింది కౌన్సెలింగ్ డాక్టరమ్మ. "మొగుడూ పెళ్లాలు గుట్టుగా చెప్పుకునే చోటు ఇది. పేజీ తెరిస్తే చాలు, అంతకుముందు ఎవరో రాసుకున్న కష్టం రాసే పెట్టెలో సిద్ధంగా ఉంటోంది. బస్టాపులో కూడా ఇంతకన్నా గుట్టు ఉంటుంది!"

టక్కున పెట్టేసింది. మీటింగు గదిలో ముగ్గురు మగాళ్లు మిగిలారు: టీమ్ లీడరు, టెస్టరు, ఆ పేజీ రాసిన ప్రోగ్రామరు. ముగ్గురూ పెళ్లయినవాళ్లే.

"కోడ్ తెరువు నాయనా," అన్నాడు లీడరు. "వచ్చినవాళ్లు రాసింది ఎక్కడ దాచావు?"

"క్లాసులో సార్."

"క్లాసులో అంటే?"

"అదే... క్లాసు మొదట్లోనే వేరియబుల్ అని ఒక డబ్బా పెట్టి, అందులో..."

"క్లాసంటే అచ్చు. వచ్చిన ప్రతి మనిషికీ అందులోంచి కొత్త ఆబ్జెక్టు తయారవుతుంది కదా. ఎవరి మాట వాళ్ల ఆబ్జెక్టులో ఉండాలి. నువ్వేమో క్లాసుకి తగిలించావు. క్లాసు అందరికీ కలిపి ఒక్కటే! స్నానాల గదిలో ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు పెట్టినట్టు. ముందు తుడుచుకున్నవాడి తడి, తర్వాతివాడి మొహానికి."

"నేను చూసినప్పుడు బాగానే వచ్చింది సార్," అన్నాడు టెస్టరు.

"ఒక్కడివే కూర్చుని చూస్తే రాక ఏమవుతుంది? ఒక్కడికి ఒక తువ్వాలు చాలు. సరే, సైటు తెరువు. ఇప్పుడెవరి తడి ఉందో చూద్దాం."

గోడ మీది పెద్ద తెరపై పెట్టె తెరుచుకుంది.

'మా ఆయన ఇంటికొచ్చాక ఫోన్లోంచి తల ఎత్తరు. ఏం చెప్పినా ఊఁ అంటారు. నిన్న మన వాషింగ్ మెషిన్ కవలల్ని కన్నదండీ అన్నాను. ఊఁ, మంచిది అన్నారు. ఈ మనిషితో ఇంకా మాట్లాడాలా, మానేయాలా, మీరే చెప్పండి డాక్టరుగారూ.'

టెస్టరు బల్ల చరిచి నవ్వాడు. లీడరు కళ్లజోడు తీసి మరీ నవ్వాడు.

ప్రోగ్రామరు నవ్వలేదు. నిన్న తన భార్య ఏం మాట్లాడిందో గుర్తు చేసుకోబోయాడు. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? చెవులు వేడెక్కాయి. తన ఇల్లు గోడంత తెర మీద ఆరేసినట్టుంది.

"చాలు, చాలు. ముందు దాన్ని చెరిపెయ్," అన్నాడు లీడరు, గొంతు సవరించుకుని.

ప్రోగ్రామరు వేరియబుల్ని క్లాసు మీంచి దించి ఎవరి ఆబ్జెక్టులో వాళ్లకి పెట్టాడు. రెండు ఫోన్లలో తెరిచి చూశాడు. ఎవరి మాట వాళ్లకే కనిపించింది. కోడ్ సర్దుకుంది గానీ, సిగ్గుని ఎక్కడికి జరపాలో తెలియలేదు.

ఇంటికెళ్లేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఫోను అలమారలో బోర్లా పెట్టి, ఆమె ఎదుట నేల మీద కూలబడ్డాడు.

"నన్ను క్షమించు."

"ఏం పగలగొట్టారు?"

"నువ్వు చెప్పేది వినకుండా, పరాయి మనిషికి రాసుకునే దాకా తెచ్చాను. నీ మాటలు చూసి నా ఎదుటే ఇద్దరు నవ్వారు. తల ఎత్తుకోలేకపోయాను."

"నా మాటలా? నేనేం రాశాను?"

చూసింది పొల్లుపోకుండా అప్పజెప్పాడు. కవలల దగ్గరికొచ్చేసరికి ఆమె దిండు గలీబు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఎవరోగానీ బాగా రాసింది. నాకింతవరకూ తట్టనే లేదు."

"అంటే... నువ్వు కాదా?"

"కాదండీ. అవునూ, చూడగానే నేనే అని ఎలా అనుకున్నారు?"

అతను ఒక చొక్కా ఒళ్లోకి లాక్కుని మడతపెట్టసాగాడు. తల ఇంకాస్త కిందికి వాలింది.

ఇంతలో అలమారలో ఫోను మోగింది. టీమ్ లీడరు. మళ్లీ ఏ తప్పు బయటపడిందోనని భయపడుతూ ఎత్తాడు.

"నాయనా, నీకు దణ్ణం పెడతాను," అవతల గొంతు గుసగుసలాడింది. "అది రాసింది మా ఆవిడేనని ఆఫీసులో ఎవరికీ పొక్కనీయకు. ఇందాకటి నుంచి కాళ్లావేళ్లా పడుతున్నాను, తను రాయలేదనే బుకాయిస్తోంది!"