ఈజార్ గట్టున ఇద్దరు

బస్‌స్టాప్‌లో ఎవరో నవ్వారు.

తనని చూసి నవ్వుతున్నారని రవీంద్రనాథ్ గారు మొదట అనుకోలేదు. వెనక్కి తిరిగి చూశారు. వెనక ఎవరూ లేరు.

నవ్వుతున్నది స్కూలు సంచులు తగిలించుకున్న కుర్రాళ్లు. ఒకడి చేతిలో ఫోను ఆయన తెల్ల పంచె వైపు తిరిగి ఉంది.

బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు. కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేశారు.

"అప్పుడే వచ్చేశావేంటి నాన్నా?" సోఫాలో ఒరిగి ఉన్న కూతురు మనోజ్ఞ అడిగింది. ఆమెకు నెలలు నిండాయి.

"నా టికెట్ ముందుకి మార్చెయ్యమ్మా. వెళ్లిపోతాను."

సంగతి విని ఆమె మెల్లగా అంది. "ఇక్కడున్నన్నాళ్లూ ప్యాంటేసుకోవచ్చుగా నాన్నా. కొత్తవి కొనిపెట్టాను."

"పోస్టాఫీసులో ఉన్నన్నాళ్లూ అదే వేశానమ్మా. రిటైరయ్యాక అమలాపురం కాలవ గట్టున పంచె కట్టుకుని నడిస్తే, నా కాళ్లు నాకు తిరిగొచ్చినట్టయింది. మళ్లీ వాటిని సంచిలో పెట్టలేను."

తల్లి లేని పిల్ల. పురిటికి తోడుంటాడని తండ్రిని ఈ జర్మన్ ఊరికి రప్పించుకుంది. మొహం అటు తిప్పుకుంది.

ఆ తర్వాత ఆయన గడప దాటలేదు. కిటికీ దగ్గరే కూర్చునేవారు.

ఎదురుగా చెట్లు, చెట్ల సందుల్లో ఈజార్ నది. ఆ పేరు విన్నప్పుడే ఆయనకు నవ్వొచ్చింది. ఇజారంటే పైజామాయే కదా! ఈ ఊళ్లో నదికి కూడా ప్యాంటు తొడిగారన్నమాట.

ఒక ఉదయం నది మీది పొగమంచులోంచి ఒక మనిషి తేలుతున్నట్టు వచ్చాడు.

నెరిసిన గడ్డం. పొడుగు మేజోళ్లు. నడుము నుంచి మోకాళ్ల దాకా గళ్ల గుడ్డ, మడతలు మడతలుగా గాలికి పొంగుతోంది.

"అమ్మాయ్! ఆయనెవరో గౌను వేసుకున్నాడే!"

మనోజ్ఞ వచ్చి చూసింది. "గౌను కాదు నాన్నా, కిల్ట్. స్కాట్లండ్ మగవాళ్లు కట్టుకుంటారు. ఈ ఊళ్లో మాత్రం ఎప్పుడూ చూళ్లేదు."

"ఎవరూ నవ్వరా?"

"నవ్వుతారేమో. ఆయన పట్టించుకుంటున్నట్టు లేదు."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సైకిళ్ల వాళ్లు తల తిప్పి మరీ చూస్తున్నారు. ఆయన ఒక్కడే నడుస్తున్నాడు.

రవీంద్రనాథ్ గారు లేచి చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికి నాన్నా?"

"పాపం, పరాయి దేశంలో ఒంటరిగా తిరుగుతున్నాడమ్మా. నాలాంటివాడొకడు పక్కనుంటే ఆయనకీ ధైర్యం."

అతని పేరు అలోయిస్. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. నడవడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది.

"ఇదెందుకు కడతారు మీరు?" అని అడిగారు రవీంద్రనాథ్ గారు.

అలోయిస్ కాసేపు ఆలోచించాడు. "గాలి," అన్నాడు.

ఇంకో రోజు అడిగితే, "మోకాళ్లకు సంతోషం," అన్నాడు.

మరో రోజు నది వైపు చెయ్యి చూపించాడు. నీళ్లు మడతలు పెట్టుకుంటూ, విప్పుకుంటూ పోతున్నాయి.

బెంచీ మీద కూర్చునేటప్పుడు మాత్రం అతను తెగ తడబడేవాడు. గుడ్డ ఎలా సర్దుకోవాలో రవీంద్రనాథ్ గారే చూపించారు. 'ఇంత వయసొచ్చినా కూర్చోవడం రాదు' అనుకుని లోలోపల నవ్వుకున్నారు.

ఆకులు పసుపెక్కాయి. రాలే ఆకులవాన కింద తెల్ల పంచె, గళ్ల కిల్ట్ ఒకే గాలికి పొంగేవి. తను ఏ నీళ్ల పక్కన నడుస్తున్నదీ రవీంద్రనాథ్ గారికి ఒక్కోసారి తెలిసేది కాదు. పొగమంచు అవతల అమలాపురం కాలవ లాకులు ఉన్నట్టే ఉండేది. ఇంకో నాలుగడుగులు వేస్తే ఎవరో "పోస్టుమేస్టారూ" అని పిలుస్తారనిపించేది.

మనోజ్ఞకు ఆడపిల్ల పుట్టింది. టికెట్ మార్చమన్న మాట మళ్లీ ఎత్తలేదు ఆయన.

నవంబరు చలిలో ఒక పొద్దున అలోయిస్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"చలికి జడిసి ప్యాంటులోకి దూరుంటాడు," అన్నారు రవీంద్రనాథ్ గారు, పంచె కింద ఉన్ని లాగు సర్దుకుంటూ. కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

ఎండ కాసిన రోజు కూతురితో, తోపుడుబండిలోని మనవరాలితో గట్టు మీదికి వెళ్లారు.

బెంచీ మీద నల్లకోటు వేసుకున్న ముసలావిడ ఉంది. ఆయన పంచె చూసి లేచి నిలబడింది. జర్మన్‌లో ఏదో చెప్పింది.

మనోజ్ఞ మొహం వాడిపోయింది.

"అలోయిస్ గారి భార్యట నాన్నా. పోయిన వారం ఆయన నిద్రలోనే పోయారట."

రవీంద్రనాథ్ గారు బెంచీ పట్టుకుని కూర్చున్నారు.

"మంచి మనిషమ్మా," అన్నారు. "చివరి రోజుల్లో ఆయనకి నేనొక తోడునయ్యాను, అదే తృప్తని చెప్పు. స్కాట్లండ్ నుంచి వాళ్లవాళ్లు వచ్చారేమో కూడా అడుగు."

ఆ మాట విని ఆవిడ అయోమయంగా చూసింది. తర్వాత మెల్లగా, ఆగి ఆగి, చాలా చెప్పింది.

"ఏమంటున్నారమ్మా?"

"స్కాట్లండ్ కాదట నాన్నా. ఆయన ఈ ఊళ్లోనే పుట్టారట. మొన్న సెప్టెంబరు దాకా ప్యాంటు తప్ప ఇంకోటి వేసి ఎరగరట."

"మరి ఆ కిల్ట్?"

మనోజ్ఞ తండ్రి చెయ్యి పట్టుకుంది. "బస్‌స్టాప్‌లో తీసిన నీ వీడియో వాళ్ల మనవడు ఇంట్లో నవ్వుతూ చూపించాడట నాన్నా, ఆ సాయంత్రమే ఆయన వెళ్లి అది కొనుక్కొచ్చారట."