ఎడమ మడ్‌గార్డు

"ఆ చెయ్యి తియ్యవయ్యా పెద్దాయనా! తడిమి చూడ్డానికి అదేమన్నా సంతలో దూడా?"

తాన్ ఔంగ్ అరుపుకి రంగూన్ రేవు మీది పావురాలు లేచిపోయాయి.

పెద్దాయన చెయ్యి తీశాడు. చూపు మాత్రం ఆకుపచ్చ మోరిస్ మైనర్ కారు ఎడమ మడ్‌గార్డు మీదే ఉంచాడు.

భుజాన చాపచుట్ట, చేతిలో టిఫిన్ క్యారియర్. పడవెక్కడానికి పోతూ పోతూ ఆగినవాడు. కుడి బొటనవేలికి గోరు లేదు. వేలు అప్పడంలా అణిగిపోయి ఉంది.

ఆ కారు తాన్ ఔంగ్‌కి తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి. సొంత తమ్ముడు పెళ్ళి ఊరేగింపుకి అడిగినా ఇవ్వలేదు. "నన్నెప్పుడైనా అంత సుతారంగా చూశావా?" అని పెళ్ళాం ఎత్తిపొడవని రోజు లేదు.

అలాంటివాడు, ఫొటోలకి బండిని రేవు దగ్గరికి తెమ్మని పత్రికవాళ్ళు అడగ్గానే సరేనన్నాడు. కారు పక్కన తన బొమ్మ అట్ట మీద వస్తుందని ఆశ. కొత్త పట్టు లుంగీ కొన్నాడు. తలపాగా చుట్టాడు. వీధి వీధంతా చాటుకున్నాడు.

తండ్రికి ఒక అలవాటుండేది. ఏటా దీపాల పండక్కి, చిన్నవాళ్ళు పెద్దల ముందు మోకరిల్లే రోజున, ఆయన కొబ్బరికాయ, అరటిపళ్ళ అత్తాలు పళ్ళెంలో పెట్టుకుని ఎడమ మడ్‌గార్డు ముందు మోకరిల్లేవాడు. ఎందుకని అడిగితే "మొక్కు" అనేవాడు. అంతకుమించి మాట రాదు. బండిని కాచే దేవత ఆ పక్కనే ఉంటుంది కాబోలనుకుని, తండ్రి పోయాక పదిహేనేళ్ళుగా తాన్ ఔంగ్ కూడా పళ్ళెం పెడుతున్నాడు.

"ఈ బండీ నేనూ పాత స్నేహితులం బాబూ," అన్నాడు పెద్దాయన.

"రంగూన్‌లో సగంమంది దీని స్నేహితులే. నువ్వు నూటపదోవాడివి. పక్కకి జరుగు."

ఫొటోలు తీసే అమ్మాయి థిరి బానెట్ ఎత్తించి నాలుగు ఫొటోలు తీసింది. ఇక మూయబోతే అది పడదు. తాన్ ఔంగ్ దబ్బుమని ఒకటి వేశాడు. రెండు. మూడు. పళ్ళికిలించుకుని అలాగే ఉంది.

పెద్దాయన చాపచుట్ట కింద పెట్టాడు. ఎడమ మూల అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో మెల్లగా నొక్కాడు.

బానెట్ చప్పుడు లేకుండా కూర్చుంది.

తాన్ ఔంగ్ తలపాగా సర్దుకుంటూ గుర్రుగా చూశాడు. పదిహేనేళ్ళుగా తన దగ్గర మొండికేసిన బండి, దారినపోయే ముసలాడి చేతికి పిల్లికూనలా ఒదిగిపోయింది!

"తాతా, కదలకు! ఆ చెయ్యి అక్కడే ఉండనీ!" థిరి గబగబా కెమెరా ఎత్తింది.

"అమ్మాయ్, బండి నాది!"

"మీవి ఇరవై తీశాను బాబాయ్. మీరు నిలబడితే పెళ్ళికొడుకు అద్దెబండి పక్కన నిలబడ్డట్టుంది. తాత నిలబడితే బండి చుట్టం వచ్చినట్టుంది."

"చుట్టమా? అయితే ఆయన్నే తోలుకుపొమ్మను!" తాన్ ఔంగ్ తాళంచెవి లాగి బొడ్లో దోపుకున్నాడు. "ఈయనుంటే నా బండి ఉండదు. ఇంకొక్క ఫొటో తీశావో, చూడు!"

థిరి కెమెరా దించింది.

"గొడవెందుకమ్మా, నాకు పడవ వేళయింది," అన్నాడు పెద్దాయన. "డెల్టాలో మా కూతురింటికి పోతున్నా. ఇక ఇటు రాను. ఒక్క మాట బాబూ, ఈ ఎడమ పక్క..."

"ఎడమ పక్కకేమొచ్చింది? వంకలు పెడతావా? ఇంగ్లండ్ ఫ్యాక్టరీలోంచి ఎట్లా దిగిందో అట్లానే ఉంది. ఒక్క రేకు మారలేదు!"

పెద్దాయన మొహం వెలిగింది.

"ఫ్యాక్టరీలో చేసిందేనంటావా?"

"అనేదేముంది? కళ్ళు లేవా? చూడు ఆ నునుపు! మన దేశంలో ఎవడికొస్తుంది ఆ పని?"

పెద్దాయన మడ్‌గార్డు వంక మరొక్కసారి చూసుకున్నాడు.

"అయితే బాగానే కుదిరింది," అని నవ్వి, చాపచుట్ట భుజానికెత్తుకుని రేవులోకి దిగిపోయాడు.

వెనకసీటులో ఫ్లాస్కు నిండా టీ ఉంది. తాన్ ఔంగ్ ఆయనకి ఒక్క గుక్క పోయలేదు.

దీపాల పండగ వెళ్ళిన రెండో రోజు పత్రిక వచ్చింది.

అట్ట నిండా పెద్దాయన. ఆకుపచ్చ రేకు మీద ఆయన చెయ్యి. తాన్ ఔంగ్ లోపల పదకొండో పేజీలో తపాలాబిళ్ళంత.

పత్రిక విసిరికొట్టాడు. "ఎవడో దారినపోయేవాడమ్మా! నా బండికి మొగుడిలా నిలబడ్డాడు!"

తల్లి ఓన్ చీ దాన్ని ఏరి, కళ్ళజోడు పెట్టుకుంది. చూపు ఆ బొటనవేలి దగ్గర ఆగింది. పత్రిక ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ జోడించింది.

"కూర్చోబెట్టావా? టీ ఇచ్చావా?"

"ఎవరికి?"

"నీకప్పుడు మూడేళ్ళు. లారీ గుద్ది బండి ఎడమ పక్కంతా నుజ్జయింది. దేశమంతా గాలించినా మార్చడానికి రేకు దొరకలేదు. రేకుపని కుర్రాడొకడు నూనెపీపా కోసి, ఇరవై రోజులు సుత్తితో కొట్టి నిలబెట్టాడు. ఆ వేలు అక్కడే నలిగింది. తర్వాత అతనుండే పేటే ఎత్తేశారు. మీ నాన్న వెతకని సందు లేదు."

తాన్ ఔంగ్ కిటికీలోంచి బయటికి చూశాడు. మొన్న పండక్కి తను పెట్టిన కొబ్బరికాయ ఎడమ చక్రం దగ్గరే ఉంది.

"మరి... ఆ పక్కనున్న దేవత?"

"దేవతెక్కడిదిరా? మనిషి దొరక్క, ఏటేటా మీ నాన్న మోకరిల్లింది ఈయనకే."