గేటు దగ్గర మాట

“మాట చెప్పు అవ్వా, గేటు తీస్తా” అంది నాగలత, తాళంచెవిని కొంగున ముడేసుకుంటూ.

గేటు అవతల సోమక్క రొప్పుతోంది. “నేను చైత్ర వాళ్ల అవ్వను మేడం. ఆలూరు ఆస్పత్రిలో మా కోడలికి మగపిల్లోడు పుట్టినాడు. నా బిడ్డను తోడుకోని రాండని ఒకటే కలవరిస్తాందంట. పొద్దున మా ఈరేషు ఫోన్ చేసి చెప్పినాడు. ఈ బస్సు పోతే ఇంగ రేపే.”

“శానా సంతోషం. కానీ మాట చెప్పల్ల.”

మాట సంగతి ఊరందరికీ తెలుసు. ఒకే టీచరున్న ఈ బడికి బద్వేలు నుంచి బదిలీ మీద వచ్చిన నాగలత, వచ్చిన రోజే ఆటస్థలం మీద పడింది. జారుడుబల్ల కింద ఇసుక పోయించింది. తుప్పు పట్టిన ఊయల గొలుసులు ఊడబీకించింది. ప్రహరీ కూలిన చోట కంప కొట్టించింది. ఊరివాళ్లు దానికి ‘మేడం కోట’ అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వితే నవ్వనీ అనుకుంది నాగలత. ఆమె పాత బడిలో ఒకడు ‘మామను’ అని చెప్పి పిల్లవాణ్ణి తీసుకుపోయాడు. మామే, అబద్ధం కాదు. కాకపోతే తాగిన మామ. సాయంత్రానికి పిల్లవాడు బస్టాండులో ఒంటరిగా దొరికాడు. అప్పటిదాకా పడిన నరకం పగవాళ్లకు కూడా వద్దనుకుంటుంది ఆమె.

అందుకే ఈ కట్టుబాటు. ఒక్కో పిల్లకు ఒక్కో రహస్యపు మాట. దేవుడే దిగివచ్చినా సరే, ఆ మాట చెప్పాకే పిల్లను చేతికిచ్చేది. మాటలు పిల్లలే ఎంచుకున్నారు. ఒకడు ‘ఉగ్గాని’ అన్నాడు, ఇంకొకడు ‘పొట్టేలు’ అన్నాడు. చైత్ర ‘వజ్రం’ అంది. వాన పడితే చాలు, జనమంతా చేలల్లో వజ్రాలు వెతికే చోట రెండో తరగతి పిల్లకు అంతకన్నా ఏం తోస్తుంది! రోజూ తండ్రి ఈరేష్ వచ్చి, నవ్వుతూ ఆ మాట చెప్పి పిల్లను తీసుకుపోతాడు. ఈ ముసలమ్మను నాగలత చూడడం ఇదే మొదలు. ఈరేష్‌కు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్.

“మేడం, మా అవ్వనే!” అని జారుడుబల్ల పైనుంచి అరిచింది చైత్ర. అరిచిందే గాని దిగి రాలేదు. మాట వినబడేదాకా కదలకూడదని మేడం నేర్పింది కదా, చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

“అవ్వవైనా మాట కావల్సిందే. ఈరేష్ నీకు చెప్పలేదా?”

“చెప్పకుండా? చెప్పినాడు.”

“మరి?”

సోమక్క నోరు తెరిచింది. మళ్లీ మూసింది.

“మర్చిపోయినావా?”

“అట్లే అనుకో మేడం.”

“నిదానంగా గుర్తు తెచ్చుకో.”

“రాయి.”

“కాదు.”

“మెరిసే రాయి.”

“ఊహూ. ఒకటే మాట.”

చైత్ర ఆగలేకపోయింది. “అవ్వా! రాత్రి వాన పడింది గదా, పొద్దున అందరూ దేనికి పోయిరి?”

“నువ్వు అందించొద్దు!” అని గద్దించింది నాగలత.

“నేనూ పోతి మేడం, ఆ రాళ్లకే” అంటూ సోమక్క ముక్కుపుల్ల పట్టి చూపించింది. “ఇదో, దీంట్లో పొదుగుతారే, అది! నాది గాజుదిలే.”

“పిల్ల అందించినాక గుర్తులు ఎవరైనా చెప్తారు. మాట నీ నోటితో రావల్ల.”

నాగలతకు అనుమానం మొదలైంది. రెండక్షరాల మాటకు ఇన్ని తిప్పలా? పిల్ల ‘అవ్వ’ అంటోంది నిజమే. పాత బడిలో ఆ పిల్లవాడు కూడా ‘మామ’ అనే అన్నాడు. ఈమె చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తోంది.

“ఇంట్లో ఇంకెవరూ లేరా?”

“మా ఇంటాయప్ప ఉండాడు. కాలు బెణికి మంచంలో పడినాడు.” సోమక్క విసుక్కుంది. “ఆయప్ప వల్లనే నాకీ తిప్పలంతా.”

దూరంగా ఆలూరు బస్సు హారన్ వినిపించింది.

“అవ్వా, తమ్ముడు!” అని అరిచింది చైత్ర. ఇప్పుడు చేతులు కట్టుకుని లేదు, జారుడుబల్ల అంచు పట్టుకుని ఏడుపు ఆపుకుంటోంది.

నాగలత కొంగుముడి విప్పింది. పాత బడి గుర్తొచ్చి మళ్లీ బిగించింది. ఏడిస్తే ఏడవనీ, పిల్ల కళ్లముందైనా ఉంటుంది అని తనకు తాను చెప్పుకుంది.

సోమక్క గేటు ముందే చతికిలబడింది. “ఒక్క మాట మేడం, ఒక్క మాట! అదే నావల్ల అయ్యేది కాదు” అని కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు వచ్చింది సిద్దమ్మ, బడిలో వంట చేసే ఆమె. ట్యాంకు దగ్గర తోమిన గిన్నెలు చంకనెత్తుకుని ఉంది. “ఏమి సోమక్కా, ఈడ కూర్చోని ఏంటికి ఏడుస్తాండావు?”

నాగలత జరిగిందంతా చెప్పి, చైత్ర మాటేదో సిద్దమ్మ చెవిలో ఊదింది. “ఇంత చిన్న మాట సిద్దమ్మా! చుట్టూ తిరుగుతుంది గాని చెప్పదు.”

సిద్దమ్మ గిన్నెలు కింద పెట్టేసి పడీపడీ నవ్వింది. నవ్వుతూనే రోడ్డు మీదికి ఉరికి, “ఓ డ్రైవరప్పా, బస్సు నిలుపు! మనుషులు వస్తాండారు!” అని కేకేసి వెనక్కి వచ్చింది.

“గేటు తీయి మేడం. తెల్లార్లూ నిలబెట్టినా సోమక్క నోట ఆ మాట రాదు.”

“ఎందుకు రాదు?”

“ఆయక్క మొగుని పేరు వజ్రప్ప.”